అడవిలో బిళ్లాట



ఈ పూట నేను చెప్పబోయేది వంటా కాదు, పిల్లల పెంపకమూ కాదు. ఒక ఆట గురించి. నలభై దాటిన ఆడదానికి ఆటలేమిటి, విడ్డూరం కాకపోతే అని మీలో ఎవరైనా బుగ్గలు నొక్కుకుంటే నేను తప్పుపట్టను. మా చెల్లెలు మొదట ఆ మాట ఎత్తినప్పుడు నేనూ నొక్కుకున్నాను.

మా చెల్లెలి కాపురం అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో. బోస్టన్ నగరానికి పడమరగా అరవై డెబ్భై కిలోమీటర్ల దూరాన వూస్టర్ అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. ఆష్లాండ్ అనే చోట 1990 నుంచీ లక్ష్మీదేవి ఆలయం ఉందంటే చూసుకోండి. ఒక అక్టోబరు నెలలో మొదటిసారిగా అక్కడికి వెళ్లాను. శనివారం గుడి అయింది. ఆదివారం పొద్దున్నే చెల్లెలు భుజానికి ఒక సంచీ తగిలించుకుని, "అక్కా, చీర మార్చి పంజాబీ డ్రెస్సు వేసుకో. మేజోళ్లు మరిచిపోకు. అడవిలోకి ఆడటానికి పోదాం" అంది. సంచీలోకి తొంగి చూస్తే పది పన్నెండు ప్లాస్టిక్ పళ్లేలు. ఫలహారం కట్టుకుంటోంది గాబోలు అనుకున్నాను. కాదుట, అవే ఆట సామాను!

ఆట పేరు డిస్క్ గోల్ఫ్. గోల్ఫ్ అంటే మీకు తెలుసు కదా. సినిమాల్లో బాగా డబ్బున్న మామగారు తెల్ల బూట్లు వేసుకుని పొడుగాటి కర్రతో చిన్న బంతిని కొడుతూ ఉంటాడు. మైదానంలో అక్కడక్కడా గుంటలుంటాయి. ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేస్తే వాళ్లు గెలిచినట్టు. డిస్క్ గోల్ఫ్‌లోనూ లెక్క అదే. అయితే ఇక్కడ కర్రా లేదు, బంతీ లేదు, గుంటా లేదు. బంతికి బదులు గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల. దాన్ని చేత్తో విసరాలి. గుంటకి బదులు, ఇనప స్తంభానికి నడుం ఎత్తున ఒక బుట్ట. ఆ బుట్టపైన చుట్టూతా గొలుసులు వేలాడుతుంటాయి. బిళ్ల వెళ్లి గొలుసులకు తగిలి, వేగం చచ్చి, బుట్టలో పడుతుంది. గొలుసుల్లో చిక్కుకుని ఆగినా పడినట్టే. బుట్ట పైకప్పు మీద ఎక్కి కూచుంటే మాత్రం లెక్కలోకి రాదు. పడినప్పుడు వచ్చే చప్పుడు మాత్రం, నిజం చెబుతున్నాను, చంటిపిల్ల కాలి గొలుసులతో గడప దాటినట్టే ఉంటుంది.

గుంట లేకపోయినా ప్రతి గురినీ హోలు అనే పిలుస్తారు, అలవాటు కొద్దీ. సాధారణంగా 18 హోళ్లు. విసరడానికి నిలబడే చోటు పేరు టీ. చెల్లెలు "ముందు టీ దగ్గరికి పోదాం పద" అంటే పొద్దున్నే చలికి మంచి మాట అన్నావే తల్లీ అనుకున్నాను. తీరా చూస్తే సిమెంటు పలక! అక్కణ్నించి విసురుతాం. బిళ్ల ఎక్కడ పడితే అక్కడికి నడిచి వెళ్లి, అక్కణ్నించి మళ్లీ విసురుతాం. బుట్టకి ఎవరి బిళ్ల దూరంగా ఉంటే వాళ్లది ముందు వంతు. బుట్టలో పడేదాకా ఎన్ని విసుర్లయ్యాయో రాసుకోవాలి. అన్ని హోళ్లూ కలిపి ఎవరివి తక్కువైతే వారిదే గెలుపు. నీళ్లల్లో పడితేనో, హద్దు గీత దాటితేనో ఒక విసురు జరిమానా. అంతే. వామనగుంటలాటకి ఇంతకంటే ఎక్కువ నిబంధనలున్నాయి.

ఈ బిళ్ల పుట్టుక కథ మన వంటింట్లోంచే మొదలైందంటే నమ్ముతారా? కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రిస్బీ అనే పేరుగల ఒక బేకరీ వాళ్ల రేకు పళ్లేలను కాలేజీ కుర్రాళ్లు తిని పారేయకుండా గాలిలోకి విసురుకుని ఆడుకునేవాళ్లు. అటు కాలిఫోర్నియాలో ఫ్రెడ్ మోరిసన్ అనే అబ్బాయి, తను పెళ్లాడబోయే అమ్మాయితో కలిసి 1937లో పేలాల డబ్బా మూత విసురుకుని ఆడాడు. తర్వాత కేకు కాల్చే పళ్లెంతో సముద్రపొడ్డున ఆడుతుంటే ఎవరో వచ్చి ఆ పళ్లెం పాతిక సెంట్లకు ఇమ్మన్నారట. బజారులో దాని ఖరీదు అయిదు సెంట్లు! వ్యాపారం తలకెక్కడానికి అంతకంటే ఏం కావాలి? ఆయన తయారుచేసిన ప్లాస్టిక్ బిళ్లను ఒక ఆటవస్తువుల కంపెనీ కొని, 1957లో ఫ్రిస్బీ అని పేరు పెట్టి అమ్మింది. ఇంకా పాత సంగతి ఒకటుంది. కెనడాలో బ్లాడ్‌వర్త్ అనే పల్లెటూళ్లో 1926లోనే బడిపిల్లలు డబ్బా రేకు మూతలు గురి చూసి విసురుతూ గోల్ఫ్‌లాగా లెక్క పెట్టుకున్నారు. అంటే ఈ ఆట మొదలైంది డబ్బున్న క్లబ్బుల్లో కాదు, పల్లెటూరి బడి ఆవరణలో.

దాన్ని ఒక పద్ధతిలో పెట్టినవాడు ఎడ్ హెడ్రిక్. ఫ్రిస్బీ తిన్నగా ఎగిరేలా దిద్దినది ఈయనే. 1975లో కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ అనే పార్కులో మొదటి శాశ్వతమైన కోర్సు వేశాడు. అప్పట్లో గురికి ఉత్త స్తంభాలే. బిళ్ల స్తంభానికి తగిలిందని ఒకరు, తగల్లేదని ఒకరు పోట్లాట. తగవు తీరాలంటే బిళ్లను పట్టి ఆపేదేదో కావాలని ఆలోచించి గొలుసుల బుట్ట తయారుచేశాడు. ఇవాళ ప్రపంచంలో పదివేలకు పైబడిన కోర్సుల్లో అన్నిచోట్లా ఆ బుట్ట పోలికే. ఎక్కువ చోట్ల ఆడటానికి పైసా ఇవ్వనక్కర్లేదు, పంచాయతీ పార్కులో నడిచినట్టే.

హెడ్రిక్ 2002లో పోయాడు. ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్కులో కలిపి డిస్కులుగా పోయించి ఆప్తులకు పంచారు. మా చెల్లెలు కారు నడుపుతూ ఈ సంగతి చెప్పింది. "మనం గోదావరిలో కలుపుతాం, వాళ్లు ఇలా" అన్నాను నేను, తోచక. ఆవిడ మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. మా అమ్మను 2021 మే నెలలో, కరోనా రోజుల్లో పోగొట్టుకున్నాం. గోదావరి దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. ఆ సంగతి మళ్లీ వస్తాను.

మేము వెళ్లిన కోర్సు పేరు మేపుల్ హిల్. వూస్టర్ దాటాక పది కిలోమీటర్ల దూరంలో లెస్టర్ అనే చిన్న ఊరు. అక్కడ ఇది ఒక పొలం, అసలు సిసలు వ్యవసాయపు పొలం. పండేది క్రిస్మస్ చెట్లు! మన కోస్తాలో సరుగుడు తోటలు వేస్తామే, అలాగే వరసలు వరసలుగా కోసుగా పెరిగే చెట్లు నాటుతారు. మనిషెత్తు దాటి అమ్మకానికి రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. డిసెంబరులో జనం వచ్చి నచ్చిన చెట్టు ఇంటికి తీసుకుపోతారు. ఆ తోట వరసల మధ్యనుంచి, చెరువు గట్టు మీదనుంచి, వెనకాల ఉన్న అడవిలోనుంచి ఈ 18 హోళ్లూ సాగుతాయి. ఇక్కడ మాత్రం టిక్కెట్టుంది. పేరుమోసిన కోర్సు కదా మరి. సెప్టెంబరు నెలలో ఇక్కడ జరిగే పోటీకి దేశదేశాల ఆటగాళ్లు వస్తారు.

నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటి చెబుతాను. ప్రతి హోలుకీ ఒకటి కాదు, నాలుగు టీలుంటాయి. ఎరుపు, తెలుపు, నీలం, బంగారు రంగు. బుట్ట అందరికీ ఒకటే, నిలబడే చోటు మాత్రం ఎవరి శక్తిని బట్టి వారిది. బంగారు టీల నుంచి ఆడితే మొత్తం దూరం రెండు కిలోమీటర్లు దాటుతుంది, చెరువులు దాటించాలి. ఎర్ర టీలు మనలాంటివాళ్లకి. తాతగారు ఎరుపునుంచీ, మనవడు బంగారునుంచీ విసిరి, ఒకే బుట్ట దగ్గర కలుసుకుంటున్నారు. మన ఇళ్లల్లో పెళ్లిబంతి తప్ప ముసలీ ముతకా పిల్లా జెల్లా కలిసి చేసే పని ఏముంది చెప్పండి?

మొదటి హోలు దగ్గరే చెరువు. నీళ్లు నల్లగా, అద్దంలా ఉన్నాయి. అవతలి గట్టున మేపుల్ చెట్లు. అక్టోబరు మధ్యకి వచ్చేసరికి ఆ చెట్ల ఆకులు రాలబోయే ముందు పసుపు, కుంకుమ, నారింజ రంగులకు తిరుగుతాయి. నీళ్లల్లో ఆ నీడ పడి, ఏదో పేరంటానికి ఊరంతా ముస్తాబై వచ్చి గట్టున కూచున్నట్టుంది. చూస్తూ నిలబడ్డాను. వెనక వాళ్లు ఎదురుచూస్తున్నారని చెల్లెలు మోచేత్తో పొడిచింది.

ఇక విసరడం. దీని గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది బలంతో జరిగే పని అనుకుని నేను మొదటి నాలుగు హోళ్లూ భుజం నొప్పి తెచ్చుకున్నాను.

బిళ్ల అంచు కింద నాలుగు వేళ్లూ ముడిచి, పైన బొటనవేలు ఆన్చి పట్టుకోవాలి. గురికి ఎదురుగా కాదు, పక్కకి తిరిగి నిలబడాలి, కుడి భుజం బుట్ట వైపు ఉండేలా. బిళ్లను ఎడమ రొమ్ము దాకా లాగి, అక్కణ్నించి తిన్నగా ముందుకు తెచ్చి, చివర్లో మణికట్టు ఝాడించాలి. తడిబట్ట పిండాక ఆరేసే ముందు ఫటేలుమని దులుపుతామే, సరిగ్గా ఆ ఝాడింపు. నేను ఈ పోలిక చెబితే మా చెల్లెలి కొడుకు "పెద్దమ్మా, మా కోచ్ కూడా ఇంత బాగా చెప్పలేదు" అన్నాడు. పొగడ్తే అనుకోండి, నిజం కూడాను. ఎందుకంటే బిళ్ల ఎగరడానికి కావలసింది తోపు ఒక్కటే కాదు, తిరుగుడు. బొంగరం తిరిగినంతసేపే నిటారుగా నిలబడుతుంది. వేగం తగ్గగానే తల వాలుస్తుంది. గాలిలో బిళ్ల కూడా అంతే. చిన్నప్పుడు చెరువులో పెంకులతో కప్పగంతులు వేయించినవాళ్లకి చేతికి తెలిసిన విద్యే ఇది.

రెండోది, బిళ్లను బల్లపరుపుగా వదలాలి. పులుసు నిండిన పళ్లెం ఒలక్కుండా పట్టుకున్నట్టు. ముందంచు పైకి లేచిందా, గాలి దాని కిందకి దూరి పైకెత్తేస్తుంది, గాలిపటంలా లేచి మన దగ్గరే కూలుతుంది. కుడిచేతివాటం వాళ్లు ఇలా విసిరినప్పుడు బిళ్ల గడియారం ముల్లు తిరిగే వైపుకే తిరుగుతుంది. అంచేత వేగం తగ్గాక చివర్లో ఎడమవైపుకి ఒరిగి దిగుతుంది. ఇది తప్పు కాదు, దాని స్వభావం. బుట్ట మీదకే గురిపెడితే బిళ్ల ఎడమన పడుతుంది. కాస్త కుడిగా గురిపెడితే అదే ఒరిగి బుట్ట దగ్గరికి చేరుతుంది. వదిలేటప్పుడు బయటి అంచును కిందకి వంచితే ఎడమకి ఇంకా వంపు తిరుగుతుంది, పైకెత్తితే కుడికి. అడవి కోర్సులో ఇదే ప్రాణం. బుట్ట ఎప్పుడూ ఎదురుగా కనపడదు. రెండు చెట్ల సందులోంచి పంపి, అవతల మలుపు తిప్పాలి.

బిళ్లల్లోనూ మూడు జాతులు. అంచు మందంగా, మొండిగా ఉండేది పటర్, నెమ్మదిగా తిన్నగా పోతుంది. అంచు కత్తిలా పలచగా ఉండేది డ్రైవర్, దూరం పోతుంది. మధ్యరకం మధ్యది. 1983లో డేవ్ డ్యునిపేస్ అనే ఆయన అంచు చెక్కిన బిళ్ల తెచ్చాకే ఈ దూరాలు సాధ్యమయ్యాయి. అడ్డం సుమారు 21 సెంటీమీటర్లు, బరువు 150 నుంచి 180 గ్రాముల దాకా. కొత్తవాళ్లంతా చేసే పొరపాటు, పలచటిది దూరం పోతుంది కదా అని డ్రైవర్ పుచ్చుకోవడం. దానికి తగ్గ చేతివేగం మనకుండదు. వేగం లేని డ్రైవర్ ఎగరదు, ఎడమకి తిరిగి పొదల్లో దూరుతుంది. పటర్‌తో మొదలుపెట్టండి. ఒకటి చాలు, పద్దెనిమిది హోళ్లూ దాంతోనే ఆడొచ్చు.

ఎంత దూరం పోతుందంటారా? నాది పాతిక మీటర్లు. జెన్నిఫర్ అలెన్ అనే ఆవిడ 2016లో ఎడారి గాలి సాయంతో 173 మీటర్లు విసిరింది! ఎస్తోనియా అనే చిన్న దేశపు క్రిస్టిన్ టాటర్ 2022లోనూ, 2023లోనూ మహిళల ప్రపంచ విజేత. ఆవిడ మొదట మంచుమీద స్కీయింగ్ చేసేది, ఈ ఆటకి తర్వాత వచ్చింది. శ్రీకృష్ణుడి చక్రం లాంటిదే కదా ఇది అని మీకు ఈపాటికి తోచే ఉంటుంది. మా చెల్లెలి ఆయన కూడా అదే అన్నారు, "వదినగారూ, చక్రం ప్రయోగించండి" అని. ఆయన చక్రం పని ముగించుకుని తిరిగొచ్చేది. మన చక్రం రాదు. మనమే పోయి తెచ్చుకోవాలి.

తెచ్చుకోవడమంటే ఉత్తినే కాదు. ఆ అడవుల్లో పిడుదులు ఉంటాయి, మన గేదెలను పట్టే గోమార్ల లాంటివి, గసగసాల గింజంత కూడా ఉంటాయి. అవి కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు. కనెక్టికట్‌లో ఆ పేరుగల ఊళ్లో మొదట గుర్తించారు కాబట్టి ఆ పేరు. అందుకే చీర వద్దని, మేజోళ్లు వేసుకోమని, పైజామా అంచులు మేజోళ్లలోకి దోపమని చెల్లెలు అంత గట్టిగా చెప్పింది. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో వెతుక్కోవాలి. మూడేసి ఆకులతో పాకే తీగ ఒకటుంది, తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. దురదగొండి అక్క అనుకోండి.

మర్యాదలు కూడా ఉన్నాయి. ముందు జట్టు బుట్ట దగ్గరనుంచి కదిలేదాకా మనం విసరకూడదు. ఎవరైనా విసురుతుంటే మాట్లాడకూడదు. బిళ్ల మనుషులవైపు పోతే "ఫోర్" అని గట్టిగా అరవాలి. అడ్డొచ్చిందని కొమ్మ విరవకూడదు. ఇది నాకు చెప్పాల్సి వచ్చింది, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. కరివేపాకు రెమ్మ తుంచినంత సుళువుగా చెయ్యి పోయింది. వేగంగా ఆడేవాళ్లు వెనక వస్తే ఆగి దారివ్వాలి. బిళ్ల పోతే వెతకడానికి మూడు నిమిషాలే గడువు. దొరక్కపోతే పోయినట్టే లెక్క, ఒక విసురు జరిమానా కట్టుకుని, ముందు ఎక్కణ్నించి విసిరామో అక్కణ్నించే మళ్లీ విసరాలి. అందుకే ప్రతివాళ్లూ బిళ్ల అడుగున పేరూ, ఫోన్ నంబరూ రాసుకుంటారు. దొరికినవాళ్లు ఫోను చేసి ఇస్తారట. ఇవ్వనివాళ్లూ ఉంటారు, అది వేరే సంగతి.

అక్టోబరులో అడవికి పోయేటప్పుడు ఎర్రవీ పసుపువీ తీసుకుపోకూడదు, నీలమో గులాబీరంగో మంచిది, ఆకుల్లో కలిసిపోకుండా ఉంటుంది. చెల్లెలు ఈ మాట రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. సంచీలో ఒక కుంకుమరంగు పటర్ ఉంది, పాతది, అంచులు గీసుకుపోయి చేతికి మెత్తగా ఉంది. శుభంగా ఉంది కదా అని అదే పట్టుకున్నాను. ఆవిడ ఇవ్వడానికి ఒక్క క్షణం తటపటాయించింది. నేను పట్టించుకోలేదు.

పన్నెండో పదమూడో హోలు. దట్టమైన అడవి. తుమ్మెద చప్పుడు కూడా లేదు. ఆ ప్రాంతపు అడవుల్లో ఒక వింత ఉంది, ఎక్కడో లోపల, మనిషి జాడ లేని చోట, మోకాలెత్తున రాతిగోడలు పోతుంటాయి. ఒకప్పుడు అదంతా పొలాలట. రైతులు దున్నినప్పుడు తేలిన రాళ్లను గట్లుగా పేర్చుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో పొలాలు వదిలి పడమటి భూములకీ మిల్లుల పనులకీ వెళ్లిపోయారు. వదిలిన పొలంలో మళ్లీ అడవి మొలిచింది. గోడలు మిగిలాయి. నేను విసిరిన కుంకుమరంగు బిళ్ల ఒక చెట్టుకి ఠక్కున తగిలి, పక్కకి తుళ్లి, అలాంటి ఒక గోడ వైపు పోయి ఆకుల్లో పడింది. అడుగున్నర మందాన ఎర్రటి ఆకులు. అందులో ఎర్రటి బిళ్ల!

మా మరిదిగారూ, అబ్బాయీ ముందు హోలుకి వెళ్లిపోయారు. మేమిద్దరం కర్రపుల్లలు పుచ్చుకుని ఆకులు కదుపుతూ వెతుకుతున్నాం. మూడు నిమిషాలు ఎప్పుడో అయిపోయింది. వెనక వచ్చిన ఇద్దరు ముసలివాళ్లని ముందు పొమ్మన్నాం. వాళ్లూ కాసేపు వెతికిపెట్టి వెళ్లారు.

"కొత్తది కొనిస్తాలేవే" అన్నాను.

"కొత్తది నాకెందుకు" అంది చెల్లెలు, తలెత్తకుండా. ఆ తర్వాత, తలెత్తకుండానే, "నాలుగు రోజులు ఎందుకు చెప్పలేదక్కా?" అంది.

అమ్మను ఆసుపత్రిలో చేర్చిన నాలుగు రోజుల దాకా నేను చెల్లెలికి చెప్పలేదు. విమానాలు లేవు, రాలేదు, తెలిసి ఏడవడం తప్ప ఏం చేస్తుంది, తగ్గాక చెబుదాం అనుకున్నాను. అయిదో రోజు చెప్పేసరికి అమ్మ మాట్లాడే స్థితిలో లేదు. ఫోనులో ముఖం చూపించారు గాని అమ్మ కళ్లు తెరవలేదు. అప్పటినుంచీ మా ఇద్దరి మధ్యా వారం వారం ఫోన్లున్నాయి, పండక్కి బట్టలున్నాయి, ఆ మాట మాత్రం రాలేదు. వచ్చిన దగ్గర్నుంచీ వంటింట్లో ఎదురెదురుగా కూరలు తరుగుతూ కూచున్నా రాలేదు. ఇక్కడ, ఇద్దరమూ నేలకేసి చూస్తూ, ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా వెతుకుతుంటే వచ్చింది.

నీ మంచికే అని చెప్పబోయాను. నోరు రాలేదు. "భయం వేసిందే. నీకు చెబితే నిజమైపోతుందని భయం వేసింది" అన్నాను. "నాది తప్పే" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. ఆకులు కదుపుతూనే ఉంది. కాసేపటికి నా పక్కకి వచ్చి, ఆ గోడ వెంబడే ఇద్దరం కలిసి వెతకడం మొదలుపెట్టాం. ఎంతసేపో చెప్పలేను. అమ్మ చివరి రోజుల్లో ఏం తిన్నదీ, ఎవరిని అడిగిందీ, చెల్లెలు ఒక్కొక్కటే అడిగింది. నేను చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

గోడ రాళ్ల సందులో, ఆకుల కింద, ఏదో నల్లగా కనిపించింది. దగ్గరికి వంగితే అక్షరాలు. బిళ్ల వెల్లకిలా పడి ఉంది. ఫోన్ నంబరు పక్కన, నల్ల సిరాతో, గుండ్రటి తెలుగు అక్షరాలతో "చిట్టెమ్మ" అని రాసి ఉంది. చెల్లెలి అసలు పేరు అది కాదు. అమ్మ ఒక్కతే అలా పిలిచేది. ఇవ్వడానికి అందుకా తటపటాయించింది అని అప్పుడర్థమైంది.

"చిట్టెమ్మా, దొరికిందే!" అని అరిచాను.

చెల్లెలు గభాలున వచ్చి బిళ్ల అందుకుని, పైటచెంగు లేదు కాబట్టి కోటు అంచుతో మట్టి తుడిచింది. కళ్లు కూడా దాంతోనే తుడుచుకుంది, మట్టి అంటుకుంది. నేను సంబరంగా గోడ దగ్గరనుంచే గురి చూసి విసరబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"మూడు నిమిషాలు దాటింది. అది పోయినట్టే లెక్క. ఒక జరిమానా వేసుకుని వెనక్కి పోయి మళ్లీ విసురు" అంది.

"అరగంట నీతోటే కదే వెతికాను!"

"ఆట ఆటే" అని చీటీ తీసి నా పేరు కింద రాసేసింది. వెనక్కి నడిచాను. ఈసారి నీలంరంగు బిళ్ల ఇచ్చింది. ఆ హోలు తొమ్మిది విసుర్లలో ముగించాను. అన్ని హోళ్లూ అయ్యేసరికి నా మొత్తం నూటపద్నాలుగు, ఆవిడది అరవైయెనిమిది.